ఉత్తరానికి పోయే రైల్లో తూర్పు ముఖం సీటు

మంగళవారం నాడు ఉత్తర దిక్కుకు ప్రయాణం పెట్టుకోకూడదన్న సంగతి జర్మనీ రైలువాళ్లకు తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. టికెట్ కౌంటర్ ముందు నిలబడి వాళ్లకు తెలియజెప్పే పని నా నెత్తిన పడటం ఎవరి తప్పో మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. మా అమ్మను మేము అవ్వ అంటాం. నేను అవ్వ తప్పంటాను. అవ్వ నాదంటుంది. మా చెల్లె ఇద్దరిదీ అంటుంది గానీ ఆమె మాట లెక్కలోకి రాదు. అసలు మేము అంత దూరం పోయిందే ఆమె కోసం.

ఎనభైల్లో మాట. మా మరిది, అంటే చెల్లె భర్త, పశ్చిమ జర్మనీలో హాంబర్గ్ అనే రేవు పట్నంలో ఓడలు కట్టే చోట ఇంజనీరు. చెల్లెకు తొలి కాన్పు. విమానం ఎక్కొద్దని డాక్టరు చెప్పిందట. "నువ్వు రాకపోతే నేనే వస్త తియ్" అని అవ్వ ఫోన్‌లో అన్నది. ఊరికే అన్నదనుకున్నాం. కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోవాలంటేనే పంచాంగం చిరిగేదాకా తిప్పే మనిషి. కానీ అవ్వ నిజంగానే పాస్‌పోర్టుకు ఫోటో దిగింది. ఆ ఫోటోలో ముఖం చూస్తే పురుడు పోయడానికి కాదు, జర్మనీ మీద దండెత్తడానికి పోతున్నట్టు ఉంటుంది.

తోడు నేను. నేను ఆదిలాబాద్ కోడలిని, మాకు జిన్నింగు మిల్లు ఉంది. పత్తి సీజన్ మొదలైతే ఇంట్లో భార్య ఉన్నదో లేదో మా ఆయనకు గుర్తుండదు కాబట్టి ఆయన అడ్డు చెప్పలేదు. "జర అక్కడోళ్లతోని కొట్లాడకు" అని మాత్రం అన్నాడు. నేను ఎవరితోనూ కొట్లాడను. తప్పు మాట్లాడినవాళ్లకు ఒప్పు చెప్తాను. అది వేరే.

విమానానికి ముహూర్తం చూసిన అయ్యగారు, సోమవారం పడమర దిక్కు దివ్యంగా ఉందన్నారు. విమానం దిగిన తర్వాత రైలు కూడా ఎక్కాలన్న సంగతి మేము ఆయనకు చెప్పలేదు, ఆయన మమ్మల్ని అడగలేదు. ఈ కథ మొత్తం ఆ సందులోంచే పుట్టింది.

తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెప్తాను. ఒక్కో వారం ఒక్కో దిక్కున శూల ఉంటుంది. ఆ వారం ఆ దిక్కుకు పోతే కీడు. ఆదివారం, శుక్రవారం పడమర వద్దు. మంగళవారం, బుధవారం ఉత్తరం వద్దు. మిగతావి అవ్వకు నోటికి వచ్చు, నాకు అక్కర్లేదు.

నా చిన్నప్పుడు సోమవారం పొద్దున్నే మా దేవుడు రాజన్న దర్శనం కావాలని ఆదివారమే కరీంనగర్ నుంచి వేములవాడకు బయలుదేరేవాళ్లం. వేములవాడ మాకు పడమర. ఆదివారం పడమర వద్దు. మరి ఎట్లా? అవ్వ మా అందరినీ జగిత్యాల బస్సెక్కించేది. జగిత్యాల ఉత్తరం, ఆదివారం ఉత్తరానికి ఢోకా లేదు. జగిత్యాలలో దిగి, చాయ తాగి, అక్కడి నుంచి దక్షిణంగా వేములవాడ. ఆ విధంగా పడమటి ఊరికి పడమరకు పోకుండా చేరేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, నోరెత్తేవాడు కాదు. బస్సు ఎటు పోయినా ఆయనకు నిద్ర ఒకటే. "అవ్వా, ఎటు తిరిగినా చేరింది పడమరకే గదనే?" అని ఒకసారి అడిగితే మోచేతితో ఒకటి పొడిచింది. నేను కాలేజీలో భూగోళశాస్త్రం తీసుకోవడానికి ఆ పోటు కూడా ఒక కారణం కావచ్చు.

సరే. మంగళవారం పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, పెద్ద రైలు స్టేషనుకు చేరుకున్నాం. అవ్వ నేత చీర మీద మా ఆయన స్వెటరు వేసుకొని, చెప్పుల్లో మేజోళ్లు తొడుక్కొని, చంకలో ఒక సంచి పెట్టుకొని ఉంది. ఆ సంచిలో బాలింత సామాను: శొంఠి, వాము, కాయం, ఎల్లిపాయ కారం. విమానంలో కూడా దాన్ని ఒడిలోనే పెట్టుకొని వచ్చింది. మా చుట్టూ రెండు వరసలదాకా అందరికీ ఆకలి అయి ఉంటుంది.

స్టేషన్ నుంచి మరిదికి ఫోన్ చేశాను.

"వదినె, ఆమెను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి రాలేకపోయిన. ఇయ్యాలనో రేపో అంటున్నరు డాక్టర్లు. గంట గంటకు బండి ఉంటది, ఏదైనా ఎక్కుండ్రి, జల్ది రాండ్రి. మా ఇల్లు హాంబర్గ్ టేషన్ నుంచి ఇంకా పైకి, ఊరికి ఉత్తరం కొసకు ఉంటది. కారుల తీస్కపోత, ఫికర్ చెయ్యకుండ్రి."

వెనక నుంచి చెల్లె గొంతు వినిపించింది. "అక్కా, జల్ది రా! నాకు భయమైతుంది." దానికి భయమెయ్యడం నేను అంతకుముందు విననే లేదు. చిన్నప్పుడు కుక్కల్ని తరిమిన పిల్ల. వెంటనే ఫోన్ పెట్టేశాను.

అవ్వ పక్కనే ఉంది. "గా ఊరు ఏ దిక్కు బిడ్డా?"

నాలుక కరుచుకోవాల్సిన చోట కరుచుకోలేదు. డిగ్రీ చదివిన మనిషిని కదా, దిక్కు అడిగితే జవాబు దానంతట అదే వచ్చేసింది. "ఉత్తరం" అన్నాను.

అవ్వ సంచి దించి బల్ల మీద కూర్చుంది.

"ఇయ్యాల మంగళారం" అన్నది.

"అయితే?"

"రేపు బుధారం."

"అయితే?"

"అయితే ఏందే? బేస్తారం పోదం. ఈడనే కూసుంట. బల్ల మంచిగనే ఉన్నది."

నాకు నెత్తికెక్కింది. "అవ్వా, అది అక్కడ ఇయ్యాలనో రేపో అన్నట్టున్నది. బేస్తారం నాటికి పిల్లగాడు బడికి పోతడు. మన పత్తి మంగళారం నాగపూర్ పోతలేదా ఉత్తరానికి?"

"పత్తి పోయి పురుడు పోస్తదా?"

"నీకు బిడ్డ మీద పావురం లేదే, ప్రేమ లేదే!"

అప్పుడు అవ్వ నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి అన్నది: "నా కోసం అంటున్ననా? నాకు ఏమైతే ఏంది, ముసల్దాన్ని. కాన్పు కావల్సిన మనిషి దగ్గరికి శూలల నుంచి నడిచి పోతే గా శూల ఎవలకు తగుల్తది? నువ్వు చదువుకున్నవ్ గద, చెప్పు."

నేను ఆ పక్కనున్న మిఠాయి కొట్టును తిట్టాను, ఎందుకు అంత ధరలని.

ఈలోగా ఒక హాంబర్గ్ బండి పోయింది. మేము చూస్తుండగానే ఇంకొకటి వచ్చి నిలబడి, అది కూడా పోయింది. అవ్వకు మాత్రం ఆరాటం లేదా? ఉంది. బండి పోయినప్పుడల్లా మెడ తిప్పి చివరి పెట్టె దాకా చూసేది. చివరికి తనే ఒక దారి వెతుక్కుంది.

"గీ రైల్ల అడ్డం సీట్లుంటయా?"

అడ్డం సీటంటే మా బస్సుల్లో డ్రైవరు వెనక, అందరూ ముందుకు చూస్తుంటే ఒక పక్కకు చూస్తూ కూర్చునేది. దిక్కు అనుమానంగా ఉన్న రోజుల్లో అవ్వ ఎప్పుడూ ఆ సీటే వెతుక్కునేది. ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది.

"మనిషి పయనం ముఖం ఎటుంటే అటు. బండి పయనం బండిది. నేను తూర్పు దిక్కు ముఖం పెట్టి కూసుంట. బండి ఉత్తరానికి పోతే అది దాని కర్మ."

"పడమర చూస్తే?"

"పడమరైనా మంచిదే. తూర్పు ఇంకా మంచిది. దక్షిణం మాత్రం చూడ, అది యముని దిక్కు."

మా బీఏలో ఈ సంగతి చెప్పనే లేదు. కానీ దారి దొరికింది కదా అని ఉరికి కౌంటర్ దగ్గర నిలబడ్డాను.

కౌంటర్‌లో కళ్లజోడు పెట్టుకున్న ఒకామె ఉంది, ఇంగ్లీషు వచ్చు. హాంబర్గ్‌కు రెండు టికెట్లు, సీట్లు రిజర్వు చేసి ఇవ్వమన్నాను. టికెట్ ఇస్తాను గానీ రిజర్వేషన్ అక్కర్లేదు, ఎక్కి ఖాళీ ఉన్న చోట కూర్చోండి అన్నది. నాకు ఆ మాటే అనుమానంగా తోచింది. టికెట్లు అమ్మే మనిషి, అడిగినదాన్ని వద్దంటుందా? మన దగ్గర రిజర్వేషన్ దొరకదంటే నమ్ముతాం. అక్కర్లేదంటే ఎట్లా నమ్ముతాం? సీటు కావాల్సిందే అన్నాను. అయితే దానికి వేరే పైసలు అన్నది.

"టికెట్టుకు పైసలు తీసుకొని మళ్లీ సీటుకు వేరే తీసుకుంటే, మొదటి పైసలు దేనికి? నిలబడటానికా?"

ఆమె కొంచెం ఆలోచించి, "అవును, నిలబడవచ్చు కూడా" అన్నది.

వెటకారం కాదు, నిజంగానే చెప్పింది. వెటకారమైతే నేను గెలిచేదాన్ని. నిజం చెప్పే మనిషితో ఎవరు వాదిస్తారు? పైసలు కట్టాను.

కిటికీ పక్కన కావాలా, తలుపు పక్కనా అని అడిగింది. అడ్డం సీటు కావాలన్నాను. అర్థం కాలేదు. కుర్చీని చేతులతో చూపించి, బండి ఇటు పోతుంటే ముఖం అటు ఉండాలని పక్కకు తిరిగి నిలబడ్డాను. నా వెనక వరసలో ఉన్నవాళ్లంతా కూడా అటు తిరిగి చూశారు, అక్కడ ఏముందోనని. ఆమె మెడ నొప్పిగా ఉందా అని అడిగింది. మెడ పట్టేసిందనుకున్నది పాపం. అటువంటి సీట్లు రిజర్వు చేయడానికి లేవని చెప్పి, ఎదురెదురుగా ఉండే రెండు సీట్లిచ్చింది.

అవ్వ దగ్గరికి పోయి "సీట్లు దొరికినయ్ పా" అన్నాను. అబద్ధమా? కాదు. దొరికాయి. ఎటువంటివో ఆమె అడగలేదు.

రైల్లో ఒక పొడుగాటి నడవ, దాని పక్కన అద్దాల తలుపులున్న చిన్న చిన్న గదులు. మా గదిలో ఎదురెదురుగా మూడు మూడు సీట్లు. తలుపు పక్కన చీటీలు పెట్టే అర ఉంది, అందులో మా రెండు సీట్లకు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హాంబర్గ్ దాకా అని రాసి ఉంది. పరాయి దేశంలో మన సీటు మనకు రాసి పెట్టి ఉంటే ఎంత ముచ్చటగా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. నేను ఆ చీటీని రెండుసార్లు చదువుకున్నాను.

అవ్వ చీటీ చూడలేదు, ఎండ చూసింది. కిటికీలోంచి పడే ఎండను చూసి దిక్కు లెక్క కట్టింది. ఒక వరసను చూపించి "గిది ఉత్తరం ముఖం" అన్నది. రెండో వరసను చూపించి "గిది యముని ముఖం" అన్నది. తర్వాత నన్ను చూపించి ఏదో అనబోయి, ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి పత్రిక చదువుతుంటే మర్యాద కోసం ఆగిపోయింది. మర్యాద ఆయనకు. నాకు నడవలో తిట్లు పడ్డాయి.

"దొరికినయంటివి?"

"దొరికినయి. దొరికినయంటే అడ్డమని చెప్పిన్నా?"

"ఇంత అబద్ధాలకోరు నా కడుపుల ఎట్ల పుట్టిందే!"

దిగుదామంటే బండి కదిలింది. అవ్వ నడవలో గోడను పట్టుకుంది, గోడలోంచి ఒక చెక్క కింద పడింది. చూస్తే అది మడత సీటు! నడవలో కిటికీల కింద, ఎవరికైనా కాస్త కూర్చోవాలనిపిస్తే లాక్కునే చిన్న పీట. దాని మీద కూర్చుంటే వీపు కిటికీకి, ముఖం గది తలుపుకు. బండి ఊరు దాటి వంపులు తిరిగి నిటారుగా ఉత్తరం పట్టగానే, గది అద్దాల్లోంచి పొద్దుటి ఎండ వచ్చి సూటిగా అవ్వ ముఖం మీద పడింది.

"తూర్పు!" అన్నది అవ్వ. వేములవాడలో దర్శనం అయినప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు.

సరే, ఆమె అక్కడ కూర్చున్నది. నేను పైసలు కట్టిన సీట్లో కూర్చుందామని గదిలోకి పోబోయాను. కొంగు పట్టి లాగింది. "ఒక్క ఇంటి నుంచి పోతున్నం. ఒకలు తూర్పు, ఒకలు యముని దిక్కు అయితే ఎట్ల? ఇంకోటి గుంజుకో, కూసో." చెల్లె గొంతు చెవిలో ఉండగా యముడి మాట వింటే నా డిగ్రీ కూడా కొంచెం మెత్తబడింది. పక్కనే ఇంకో పీట లాక్కొని కూర్చున్నాను.

మా సీట్లు ఖాళీ. ఎవరైనా కూర్చుంటారేమోనని అవ్వ ఒకదాని మీద బాలింత సంచి, ఇంకోదాని మీద తన దస్తీ, అంటే చేతి రుమాలు, పెట్టించింది. కరీంనగర్ బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేస్తే ఆ సీటు మనది. తర్వాత మనిషి ఎప్పుడు ఎక్కినా ఎవరూ మాట్లాడరు. దస్తీ తీసి పక్కన పడేసినవాడిని ఊరు ఊరంతా తిడుతుంది.

రెండో స్టేషన్‌లో జనం బాగా ఎక్కారు. ఒక పటాలం కుర్రవాడు, చేతికర్రతో ఒక పెద్దావిడ మా గది ముందు నిలబడి చీటీ చదివారు, లోపల దస్తీని చూశారు, మమ్మల్ని చూశారు. సీట్లు మీవేనా అన్నట్టు కుర్రవాడు సైగ చేశాడు. మావే అన్నాను. మరి కూర్చోరా అన్నట్టు చూశాడు. కూర్చున్నాం కదా అన్నట్టు పీట చూపించాను. వాళ్లు అక్కడే నిలబడ్డారు. రిజర్వు సీట్లు రెండు ఖాళీగా, సీటు లేనివాళ్లు ఇద్దరు నిలబడి, సీటున్న ఇద్దరం నడవలో పీటల మీద. ఎవరు అటు ఇటు నడిచినా మేము లేవాలి, లేవగానే పీట ఠప్పున గోడకు కొట్టుకుంటుంది, మళ్లీ లాక్కొని కూర్చోవాలి. చాయ బండి నెట్టుకుంటూ వచ్చినాయన పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి లేపాడు. మూడోసారి అవ్వను చూసి వంగి దండం లాంటిదేదో పెట్టి, మొత్తానికి రావడమే మానేశాడు.

టీసీ వచ్చాడు. పరిస్థితి అంతా చూసి ఇంగ్లీషులో అన్నాడు: రిజర్వు చేసుకున్నవాళ్లు బండి కదిలిన కాసేపట్లో కూర్చోకపోతే ఆ సీటు మీద హక్కు పోతుంది.

నిజానికి నాకు ఆ సీట్లు అక్కర్లేదు. పెద్దావిడకు ఇచ్చేద్దామని అప్పటికే మనసులో అనుకున్నాను. కానీ 'హక్కు' అన్నాడు. ఆ మాట నా ముందు అని ఉండకూడదు.

"హక్కు ఎట్లా పోతుంది? కూర్చోడానికి పైసలు వేరే తీసుకున్నారు కదా. ఎవరు కూర్చోవాలో రాశారా? మా దస్తీ కూర్చుంది."

ఆయన దస్తీ వైపు చూశాడు. "అది ప్రయాణికుడు కాదు" అన్నాడు.

"మా జిల్లాలో అవుతుంది."

"ఏమంటున్నడే?" అన్నది అవ్వ. చెప్పాను. అవ్వ కోపంతో నిలబడింది, పీట ఠప్పుమన్నది. "దస్తీ ఇల్వ తెల్వనోళ్లు రైళ్లు ఎందుకు నడుపుతున్నరో అడుగు." అది నేను ఇంగ్లీషులోకి మార్చే ప్రయత్నంలో ఉండగానే అవ్వ కళ్లు ఆ పెద్దావిడ కర్ర మీద పడ్డాయి. ఒక్క క్షణంలో గొంతు మారిపోయింది. "అయ్యో, గామె ఇంతసేపు నిలబడ్డదా? నీకు కండ్లు లేవానే, కూసోమనక కొట్లాడుకుంట నిలబడ్డవ్!"

నేను! కొట్లాడింది నేనట!

పెద్దావిడ కూర్చున్నది. దస్తీని నాలుగు మడతలు పెట్టి, పైన చేత్తో సాపు చేసి, మేము మరిచిపోయామనుకొని తెచ్చి అవ్వ చేతికిచ్చింది. కుర్రవాడు మా సంచిని ఒడిలో పెట్టుకున్నాడు. మధ్యమధ్యలో వాసన చూస్తూ హాంబర్గ్ దాకా అట్లాగే పట్టుకున్నాడు.

సగం దారిలో మబ్బు పట్టింది. పూర్తిగా, సందు లేకుండా, కంబళి కప్పినట్టు. అవ్వ ముఖం మీద ఎండ పోయింది. ఆమె పీట మాత్రం వదల్లేదు. నా నడుము విరిగింది. "ఇంకెంతసేపే?" అంటే "ఊకో, బిడ్డ దగ్గరికి పోతున్నం" అన్నది. ప్రతి స్టేషన్‌లో గడియారం చూసుకుంటూ, అక్కడ ఏమవుతుందోనని మా ఇద్దరికీ ఒకటే గుబులు.

హాంబర్గ్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఒక బల్ల, బల్ల మీద మా చెల్లె. ముందు పొట్ట కనిపించింది, తర్వాత చెల్లె కనిపించింది. చేతిలో సగం తిన్న రొట్టె.

"ఇంట్ల ఒక్కదాన్నే ఉంటే భయమైతుందే. ఈడ మనుషులన్న కనబడ్తరని తోల్కరమ్మన్న" అన్నది. అవ్వ దాని తలను రెండు చేతులతో పట్టుకొని స్వెటరుకు అదుముకుంది. రొట్టె కూడా అదుముకుపోయింది.

"ఇంక కాలే గద?"

"కాలే. మంగళారం పుడితే నువ్వు నన్ను బత్కనిస్తవా? గట్టిగ పట్టుకొని పండుకున్న."

మరిది సామాను కారులో పెట్టాడు. అవ్వ ఎక్కబోతూ ఆగింది.

"ఇల్లు ఏ దిక్కు బిడ్డా?"

"దక్షిణం అవ్వా" అన్నది చెల్లె రొట్టె నములుతూ, రెప్ప కూడా కొట్టకుండా.

ఇల్లు ఉత్తరం కొసకని పొద్దున మరిదే ఫోన్‌లో చెప్పాడు. నా నోరు తెరుచుకుంది. చెల్లె నా కాలు తొక్కింది. ఆ బరువుతో తొక్కితే ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు.

అవ్వ ఒకసారి ఆకాశం చూసింది. "ఎటైతే ఏందే" అన్నది నింపాదిగా కూర్చుంటూ. "మబ్బున్ననాడు దిక్కు లెక్కకు రాదు."

నా నోట్లోంచి మొత్తం ఒకేసారి వచ్చింది. "మబ్బున్ననాడు లెక్కకు రాదా! సగం తొవ్వల నుంచి మబ్బే గదనే! నా నడుము పడిపాయె, సీట్లు పాయె, పీట మీద లేసుడు కూసునుడు! గీ ముచ్చట గా రైల్లనే చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు అడిగినవా?" అన్నది అవ్వ. "నువ్వు కొట్లాడినవ్. అడగలే."

మరిది కారు నడుపుతూ దగ్గు వచ్చినట్టు నటించాడు.

పిల్ల ఆ శుక్రవారం పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. పుట్టేటప్పుడు పిల్ల ముఖం ఎటుందో డాక్టర్‌ను కనుక్కోమన్నది అవ్వ. నాకు కొట్లాడటం తప్ప అడగటం రాదన్నది కదా, అందుకే ఈసారి పోయి మర్యాదగా అడిగాను. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి ఒక గోడ వైపు చూపించింది. అది ఏ దిక్కో తెలుసుకుందామని అవ్వ, నేను కిటికీ దగ్గరికి పోయి తెర తీశాం.

మబ్బు.